పుడ్డింగ్ బిళ్ళ

డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచినప్పుడే నాకు సగం అర్థమైంది. లోపల మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ పనికి ఆయనకి చాలాసేపు పడుతుందని డాక్టరుకీ తెలుసు, నాకూ తెలుసు. గుండీలు పూర్తయ్యేలోపల చెప్పాల్సింది చెప్పేశాడు. రెండు ఊపిరితిత్తులూ పాడైపోయాయట, రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పీల్చిన దుమ్మట, క్రిస్మస్ దాకా ఉంటాడని ఆశ పెట్టుకోవద్దట. "ఆయనకి చెప్పకండి, మిసెస్ ట్రెలోర్. ఈ చలికాలమైనా ప్రశాంతంగా గడవనివ్వండి" అన్నాడు. ఎనభై ఒకటిలో డాక్టర్లు అలాగే ఉండేవాళ్ళు. మగవాడి చావు తీసుకొచ్చి పెళ్ళాం చేతిలో పెట్టి, తాము టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు.

నేను సరేనన్నాను. అక్కడే మా కొంప మునిగింది.

"ఏమన్నాడు?" అని అడిగాడు క్లారీ, బండి ఎక్కుతూ.

"ఛాతీలో నెమ్మట. చలికాలం పోతే తగ్గుతుందట."

"నెమ్ము గురించి అంతసేపా?"

"ఆయన మాట్లాడింది తక్కువ. నేనే వాగాను. నా సంగతి తెలీదా నీకు?"

క్లారీ నవ్వాడు. నాకు నోరెక్కువని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు కాబట్టి ఆ అబద్ధం చక్కగా అతికింది.

మా ఊరు స్లేటీ గల్లీలో బంగారం అయిపోయి వందేళ్ళయింది. ఇప్పుడు మిగిలినవాళ్ళం భూమిలో లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు పట్టుకుని, ఒకప్పుడు బంగారం తవ్వినవాళ్ళ డేరాలున్న చోటల్లా నేలని జల్లెడ పడుతుంటాం. ఎక్కువగా సీసా మూతలు, సీసం ముక్కలు. ఎప్పుడో ఒకసారి వెండి నాణెం. వెండి దొరికినవాళ్ళు నెల మూడో శనివారం మా డిటెక్టర్ల క్లబ్బు హాలుకి తెచ్చి క్లారీ ముందు పెట్టాలి. పాత నాణేల మీద రాజుగారి కిరీటం అంచున ఎనిమిది ముత్యాలుంటాయి, వాటి మధ్యన ఒక వజ్రం. చేతులు మారినకొద్దీ అవి ఒక్కొక్కటే అరిగిపోతాయి. క్లారీ భూతద్దం కంటికి ఆనించి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, గ్రేడు చెప్పి రిజిస్టర్లో రాసేవాడు. ఆయన చెప్పాక ఇక తిరుగులేదు. ఆ రిజిస్టరుకి ఒకటే నియమం. భూమిలోంచి తీసిందే అందులోకి ఎక్కాలి. కొన్నదో, ఇంట్లో దాచుకున్నదో ఎక్కించబోతే సభ్యుడి పేరు మీద అడ్డగీత పడుతుంది.

ఆ గీత అప్పటికి ఒక్కడి మీదే పడింది. బేసిల్ హాకింగ్. క్లారీతో కలిసి వర్క్‌షాపులో చేరినవాడు, మా పెళ్ళిలో క్లారీ పక్కన తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డవాడు. ఎక్కడో కొన్న షిల్లింగు బిళ్ళకి మట్టి పూసి, వాగు ఒడ్డున తవ్వితీశానని తెచ్చాడు. క్లారీ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, నిండు హాల్లో, స్కేలు పెట్టి మరీ గీత గీశాడు. నలభై ఏళ్ళ స్నేహం ఆ గీతతో సరి. ఇదంతా మూడేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి మా ఊళ్ళో ఎవరైనా గొప్పలు పోతే "ఇదీ బేసిల్ షిల్లింగేనా?" అనడం అలవాటైంది. వాన పడుతోందని బేసిల్ చెప్తే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకునేవాళ్ళు.

జూన్‌తో మా దేశంలో చలికాలం మొదలైంది. ఆ నెలంతా క్లారీ పొయ్యి ముందునుంచి కదల్లేదు. డిటెక్టరు మూలన నిలబెట్టి ఉండేది. వాన పడి నేల మెత్తబడితే ఇంట్లో ఒక్క క్షణం నిలవనివాడు, మెత్తని నేలని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

"అలా వాగుదాకా పోయి రారాదూ?" అన్నాను ఒకరోజు.

"పోయి?"

"పోయి ఏం చేస్తావు? వెతుకుతావు."

"ఓపిక లేదు వెర్నా. ఒక మంచి బిళ్ళ తగిలితే ఓపిక వస్తుందేమో. ఓపిక లేందే బిళ్ళ తగలదు."

ఆ మాట నాలో నాటుకుపోయింది. ఒక్క మంచి బిళ్ళ తగలాలి. ఆయనకి మిగిలిన చలికాలం ఇదొక్కటే. అది పొయ్యి ముందు కూర్చుని దగ్గుతూ గడిచిపోకూడదు. నాకు కావలసింది అంతే, ఇంకేం లేదు.

మర్నాడు బేసిల్ ఇంటికి వెళ్ళాను. కోళ్ళకి గింజలు చల్లుతున్నవాడు నన్ను చూసి ఆగిపోయాడు.

"దారి తప్పావా వెర్నా?"

"నీతో పనుండే వచ్చాను."

"మూడేళ్ళకి గుర్తొచ్చానా? మీ ఆయన పంపాడా?"

"ఆయనకి తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వడు. బేసిల్, ఇంట్లో ఉన్న వెండి బిళ్ళ ఎన్నో ఏళ్ళు భూమిలో ఉన్నట్టు కనపడాలంటే ఏం చెయ్యాలి?"

వాడు విరగబడి నవ్విన నవ్వుకి కోళ్ళు చెదిరిపోయాయి. "ఊళ్ళో దొంగ ఇల్లెక్కడని అడిగితే ఇటు చూపించారా ఏంటి?"

"నువ్వు పట్టుబడ్డ దొంగవి. ఎక్కడ పట్టుబడ్డావో నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

అప్పుడు చెప్పాను. డాక్టరు అన్న మాట ఊళ్ళో నేను చెప్పింది వాడొక్కడికే. బేసిల్ కట్టెలు కొట్టే మొద్దు మీద కూలబడ్డాడు. గింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాంట్లోకే చూశాడు.

"మొండి వెధవ" అన్నాడు చివరికి. ముక్కు తుడుచుకున్నాడు. "సరే, విను. ముందు బిళ్ళని బట్టల సోడా వేసి ఉడకబెట్టు. జిడ్డంతా పోవాలి. తర్వాత ఉడికిన గుడ్డు సొనతో కలిపి డబ్బాలో పెట్టి మూతపెట్టు, తెల్లారేసరికి నల్లబడుతుంది. ఆ తర్వాత తుప్పు మేకు తోడిచ్చి తడి బంకమట్టిలో పాతిపెట్టు. మూడు వారాలు ముట్టుకోకు."

"ఉడకబెడితే ముత్యాలు పోవూ?"

"పోవు తల్లీ. సోడా మాత్రం మానకు. నీకు దణ్ణం పెడతా."

బిళ్ళ కోసం వెతుక్కోనక్కర్లేదు. దుకాణంలో కొనడానికి వెళ్ళలేను, నాణేలు అమ్మేవాళ్ళందరూ క్లారీకి తెలిసినవాళ్ళే. నా దగ్గర మా అమ్మ ఇచ్చిన పుడ్డింగ్ డబ్బా ఉంది. అందులో మూడు పెన్నీల వెండి బిళ్ళలు పన్నెండు. క్రిస్మస్ పుడ్డింగ్ కలిపేటప్పుడు అవి ఆవుకొవ్వూ బెల్లప్పాకమూ కలిపిన పిండిలో వేసి, గుడ్డలో మూటకట్టి, ఆరుగంటలు ఉడకబెడతాం. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి అదృష్టం. తర్వాత వాళ్ళకి కొత్త నాణెం ఇచ్చి పాతది వెనక్కి తీసుకుంటాం, ఎందుకంటే ఇప్పటి నాణేలు పిండిలో వేస్తే పచ్చబడతాయి. ఆ పన్నెండింటిలో 1915 నాటిది ఒకటి ఉంది. కిరీటం ఇంకా బాగానే ఉంది. పుడ్డింగ్ బిళ్ళల వైపు క్లారీ ఏనాడూ కన్నెత్తి చూడలేదు. అవి వంటింటి సామాను, నాణేలు కావు ఆయన లెక్కలో.

గుడ్డు సొన పెట్టాను. మేకు పెట్టాను. కోళ్ళ దొడ్డి పక్కన బంకమట్టిలో పాతాను. సోడా మాత్రం వెయ్యలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ మనిషి నా చెవిలో నూరిపోసింది ఒకటే మాట, నాణేన్ని కడగొద్దు, తోమొద్దు, ఉడకబెట్టొద్దు, ఒక్కసారి తోమితే గ్రేడు పోతుంది అని. సోడా డబ్బా తీసి పట్టుకుని మళ్ళీ పెట్టేశాను. ఎన్ని పుడ్డింగుల్లో ఉడికినా అప్పుడది వంటింటి సామాను, ఇప్పుడు నాణెం. ఆయనకి దొరకబోయే బిళ్ళ గ్రేడు నా చేతులతో నేనే తగ్గిస్తానా? బేసిల్‌కి ఏం తెలుసులే అనుకున్నాను.

జులై రెండో ఆదివారానికి ముందురోజు, పాత బడి వెనక ఒకప్పుడు పిల్లల్ని వనభోజనానికి తీసుకెళ్ళే మైదానంలో, గడ్డి గడ్డగా లేపి బిళ్ళని కింద పెట్టి మళ్ళీ కప్పేశాను. ఆదివారం ఎండ కాసింది. బతిమాలి, తిట్టి, డిటెక్టరు నేనే మోసి క్లారీని తీసుకెళ్ళాను.

పది అడుగులకోసారి ఆగుతున్నాడు. నేను కబుర్లు చెప్తూ ఆయన్ని మెల్లగా ఆ వైపుకి నడిపించాను. డిటెక్టరు కుయ్యిమని పాడింది. క్లారీ ఆగి, మళ్ళీ ఆ చోటు మీంచి తిప్పాడు. మళ్ళీ పాడింది.

"వెండి" అన్నాడు. ఆ గొంతు నేను నెలల తర్వాత విన్నాను.

"సీసా మూతేమో."

"నీ మొహం. మూత ఇలా పాడుతుందా?" మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్న పారతో గడ్డి లేపాడు. మట్టి ముద్ద వేళ్ళ మధ్య చిదిపేసరికి నల్లటి చిన్న అంచు కనిపించింది. "వెర్నా! చూడు, చూడు! మూడు పెన్నీలది! రాజుగారు!" దగ్గు రాలేదు. ఆ కాసేపూ ఆయనకి ఏ జబ్బూ లేదు. నా చెయ్యి పట్టుకుని లేచి, ఎన్నో ఏళ్ళ తర్వాత నన్ను పొలం మధ్యలో ముద్దు పెట్టుకున్నాడు. అంతకంటే సంతోషం నాకు ఆ తర్వాత లేదు.

బిళ్ళని చల్లటి వాననీళ్ళలో రెండురోజులు నాననిచ్చాడు. అది నానుతున్న ఆ రెండురోజుల్లో నేను ఊరంతా టముకు వేశాను. పోస్టాఫీసులో చెప్పాను, బేకరీలో చెప్పాను, క్లబ్బు కార్యదర్శి నార్మ్ పాస్కో భార్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. శనివారం కేకు చేయిస్తామన్నారు.

మంగళవారం మధ్యాహ్నం క్లారీ వంటింటి బల్ల మీద తెల్ల సాసరు పెట్టి, పొయ్యి మీద కాచిన వాననీళ్ళు గోరువెచ్చగా పోశాడు. నేను ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఆయన బిళ్ళని సాసర్లో దింపి, నా గులాబీ చెట్టునుంచి తుంచిన ముల్లుతో అక్షరాల సందుల్లో మట్టి కదిలించాడు.

"మట్టి తొందరగా వదిలేస్తోందే" అన్నాడు.

"వానలు పడ్డాయిగా" అన్నాను.

ముల్లు కిరీటం దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి నీళ్ళ మీద సన్నటి గుండ్రటి చుక్కలు తేలాయి, మాంసం పులుసు చల్లారేటప్పుడు తేలే కొవ్వు చుక్కల్లాంటివి. క్లారీ వంగి చూశాడు. వేలితో ఒక చుక్క ముట్టుకుని, బొటనవేలికి రాసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముల్లు చివర అంటిన గోధుమరంగు మరక కూడా వాసన చూశాడు. ఎన్ని క్రిస్మస్‌ల ఆవుకొవ్వో, బెల్లప్పాకమో ఆ సందుల్లో ఇరుక్కుని ఉంది. భూమిలో అది ఉండదు.

ఆయన భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు…" పైకే లెక్కపెట్టాడు. "ఏడు. ఎనిమిదోది సగముంది. వజ్రం నిక్షేపంలా ఉంది." భూతద్దం కింద పెట్టాడు.

"వెర్నా."

"ఊఁ."

"ఈసారి పుడ్డింగ్ ఎప్పుడు చేస్తావు?"

అది జులై నెల. పుడ్డింగ్ గురించి ఆయన జన్మలో అడగలేదు. ఎందుకడుగుతున్నావని నవ్వేస్తే సరిపోయేది. ఊరందరి దగ్గరా ఆడే నా నోరు ఆ ఒక్కసారి పడిపోయింది. నా చేతిలో కత్తి ఆగింది. ఆయన నా మొహం చూడలేదు, కత్తి వైపే చూశాడు.

"ఎప్పటిలాగే, నవంబరులో" అన్నాను ఎప్పటికో.

"నవంబరులో" అన్నాడు. "సరే."

బిళ్ళని తుడవకుండా గుడ్డ మీద ఆరబెట్టి, సాసరు తనే తీసుకెళ్ళి నీళ్ళు పారబోసి కడిగి వచ్చాడు. అంతే. అప్పటికి ఇద్దరికీ అంతా తెలుసు. కోలుకునే మొగుడి కోసం ఏ పెళ్ళామూ బిళ్ళ పాతిపెట్టదు. డాక్టరు దాచమన్నది ఒక కొవ్వు చుక్క చెప్పేసింది. నేను లేచి వెళ్ళి ఆ మనిషిని పట్టుకుని ఏడ్చి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. నేను దుంపలు చెక్కాను.

శనివారం ఆయన వెళ్ళడులే అనుకున్నాను. పొద్దున్నే గడ్డం గీసుకుని టై కట్టుకున్నాడు.

హాల్లో నలభైమంది దాకా వచ్చారు. కేకు మీద తెల్లటి క్రీముతో ఆయన పేరు. నార్మ్ పాస్కో గొంతు సవరించుకుని, జబ్బుతో ఉండి కూడా మనవాడు 1915 బిళ్ళ తవ్వాడు చూశారా అని ఏదో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. క్లారీ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఊపిరి అందేదాకా ఆగాడు.

"ఇది భూమిలోది కాదు" అన్నాడు. "ఇంట్లోది. నా ఇంట్లోది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన రిజిస్టరు తనవైపు తిప్పుకుని మొదటి పేజీ తీశాడు. క్లబ్బు పెట్టిన రోజు రాసిన మొదటి పేరు ఆయనదే. స్కేలు పెట్టి గీత గీశాడు. గీత వంకరపోయింది. స్కేలు సరిగ్గా ఆనించి ఇంకోసారి గీశాడు.

"క్లారీ, ఎందుకయ్యా?" అన్నాడు నార్మ్, మొహం పాలిపోయి.

"బేసిల్‌ని నేను ఎందుకని అడగలేదు. నన్నూ అడక్కు."

నేను లేచి నిలబడాల్సింది. బిళ్ళ పెట్టింది నేనేనని అనాల్సింది. అంటే ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. నలభైమంది ముందు, ఆయన ముందు, ఆ మాట పైకి అనాలి. ఒళ్ళో ప్లేటు పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కనున్న ఆవిడ తన కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది.

దారిలో బండి నేనే నడిపాను.

"ఎందుకలా చేశావు?"

"బిళ్ళ భూమిలోది కాదు కాబట్టి."

"నువ్వు పెట్టలేదుగా."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "మరి ఎవరు పెట్టారని చెప్పను? ఎందుకు పెట్టారంటే ఏం చెప్పను?"

ఆ రెండో ప్రశ్న నాకోసమే. నన్ను చెప్పమనే అడిగాడు. ఇల్లు ఇంకా రెండు మైళ్ళుంది, రోడ్డు మీద ఎవరూ లేరు.

"వెళ్ళగానే సూప్ వేడిచేస్తాను" అన్నాను నేను.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. వాళ్ళని తప్పుపట్టను. ఎవరి మొహం చూసినా వాళ్ళ నాణేల్ని ఇన్నేళ్ళు ఈయన ఎలా చూశాడోనన్న అనుమానం కనిపించేది. కొందరు తమ పాత బిళ్ళలు పట్నం తీసుకెళ్ళి మళ్ళీ గ్రేడు వేయించుకున్నారని విన్నాను. అది క్లారీ చెవిన కూడా పడింది. "మంచిదే, రెండోసారి చూపించుకోవాలి" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

బేసిల్ ఒక్కడే వచ్చాడు. గేటు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడితే, క్లారీ కిటికీలోంచి చూసి, "లోపలికి రమ్మను, వాడక్కడ నిలబడితే చలికి చస్తాడు" అన్నాడు. ఇద్దరూ వంటింట్లో కూర్చుని టీ తాగారు.

"నీకు గీసిన గీత తిన్నగా వచ్చింది. నాది వంకరపోయింది" అన్నాడు క్లారీ.

"నేను చూళ్ళేదు. నన్ను లోపలికి రానివ్వరుగా."

క్లారీ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. బేసిల్ వీపు నిమురుతూ కూర్చున్నాడు. వాళ్ళకి మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. మా ఇద్దరికే ఏదీ దొరకలేదు.

సెప్టెంబరు ఆఖర్లో, కొండంతా వాటిల్ పూలు పసుపుపచ్చగా పూసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం క్లారీ పోయాడు. నేను పక్కనే ఉన్నాను. దిండు సరిచేశాను, నీళ్ళు తాగించాను, కిటికీ తెరవనా అని అడిగాను. ముప్పై ఆరేళ్ళు కలిసి బతికిన మనిషిని, వెళ్ళొస్తానన్న ఒక్క మాట చెప్పుకునే వీలు లేకుండా పంపించాను. శ్మశానానికి పదకొండుమంది వచ్చారు. క్లబ్బు పేరుతో ఒక పువ్వు కూడా రాలేదు.

అక్టోబరు మూడో శనివారం నేను హాలుకి వెళ్ళాను. బేసిల్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను రిజిస్టరు బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పాను. డాక్టరు చెప్పింది, పుడ్డింగ్ డబ్బా, గుడ్డు సొన, మేకు, మైదానం, అన్నీ. జులైలో రావాల్సిన మాటలన్నీ అప్పుడు వచ్చాయి. అయిపోయేసరికి ఆయాసపడుతున్నాను.

నార్మ్ పాస్కో లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "వెర్నా, ఇక్కడ ఎవరికీ క్లారీ మీద కోపం లేదు. పోయినవాడి పరువు కోసం నువ్వింత కష్టపడక్కర్లేదు. కూర్చో, టీ తాగు."

"కష్టపడ్డం కాదు నార్మ్, నిజం చెప్తున్నాను. ఆ పేరు మీది గీత తీసెయ్యి."

"ఏ పెళ్ళామైనా నీలాగే చెప్తుంది. మేం అర్థం చేసుకోగలం."

"నాకు సాక్షి ఉన్నాడు. బేసిల్‌ని అడుగు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. బేసిల్ టోపీ నలుపుతూ రెండడుగులు లోపలికి వచ్చాడు. "ఆవిడ చెప్పేదంతా నిజం. ఎలా చెయ్యాలో నేర్పింది నేనే" అన్నాడు. ఈసారి చాలామంది నవ్వారు. ఎవరో "బేసిల్ షిల్లింగు" అన్నారు కూడా. వాడి మాట నమ్మకూడదని ఆ హాలుకి నేర్పిపోయింది మా ఆయనే.

నార్మ్ మాత్రం నవ్వలేదు. మంచివాడు. బేసిల్ వైపు చూడకుండా నా వైపే చూస్తూ, మెత్తగా అడిగాడు.

"ఇంకెవరైనా ఉన్నారా, వెర్నా?"

ఇంకెవరూ లేరు.